ఇస్తాంబుల్‌లో హమామ్ స్నానం: అమ్మ, భార్య, పిల్లాడితో వెళ్ళేవాళ్ళకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నవంబర్‌లో ఐదు రోజులు ఇస్తాంబుల్. మీ దంపతులు, బీపీ మాత్ర వేసుకునే, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు, తొమ్మిదేళ్ళ బాబు. హమామ్ (అక్కడి సంప్రదాయ వేడి ఆవిరి స్నానశాల) స్నానానికి వెళ్ళొచ్చా, ఏ హమామ్ మంచిది, లోపల బట్టల సంగతేమిటి, టిప్పు ఎంతివ్వాలి. అన్నీ చెప్తాను. వాటికంటే ముందు తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది.

హమామ్‌లో అసలు పని చేసేది వేడి. రుద్దే చెయ్యి, సబ్బు నురగ, మసాజ్ అన్నీ దాని తర్వాతే. అంత డబ్బు పోసి వెళ్తే ఇరవై నిమిషాల్లో కడిగి పంపేశారని బాధపడేవాళ్ళలో ఎక్కువమందికి జరిగేది ఒకటే: ఒళ్ళు వేడెక్కకముందే రుద్దడం మొదలైపోతుంది. చర్మం నానదు, మట్టి ఊడదు, ఒంట్లో బిగువు వదలదు. కాబట్టి ఎక్కడ బుక్ చేసినా కౌంటర్‌లో మొట్టమొదట అడగాల్సింది, రుద్దే ముందు వేడి రాయి మీద ఎంతసేపు ఉండనిస్తారు అని. పావుగంటకు తక్కువ చెప్తే ఇంకో చోటు చూసుకోండి. గోడల మీద పలకలెంత అందంగా ఉన్నా సరే.

లోపలి నిర్మాణం ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది. పాత హమామ్‌లన్నిటికీ వరసగా మూడు గదులుంటాయి. మొదటిది జామెకాన్. బట్టలు మార్చుకునే పెద్ద హాలు, మధ్యలో చిన్న ఫౌంటెన్, చుట్టూ బల్లలు, చిన్న చిన్న గదులు. దాని వెనక గోరువెచ్చటి గది, అక్కడే మరుగుదొడ్లు, తువ్వాళ్ళు. ఆ తలుపు దాటితే హరారెత్, అంటే వేడి గది. పైన గుమ్మటం, గుమ్మటానికి గుండ్రటి గాజు కళ్ళు, మధ్యలో గోబెక్ తాషు అనే పెద్ద పాలరాతి అరుగు, గోడల వెంబడి నీళ్ళ తొట్లు. పగటిపూట వెళ్తే ఆ గాజు కళ్ళలోంచి ఎండ ఆవిరిలోకి ఏటవాలుగా దిగుతుంది. రాత్రి వెళ్ళేవాళ్ళకు ఇది దక్కదు.

ఆ అరుగు ఊరికే వేడెక్కదు. హమామ్ నేల చిన్న చిన్న స్తంభాల మీద నిలబడి ఉంటుంది. పక్కనున్న పొయ్యిలోంచి వచ్చే వేడిగాలి, పొగ ఆ నేల కింది ఖాళీలో పారి, గోడల్లో దాచిన గొట్టాల గుండా పైకి పోతాయి. రోమన్ స్నానశాలల నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ నేలమాళిగని తుర్కులు జెహెన్నెమ్లిక్ అంటారు, నరకం ఉండే చోటు అన్నట్టు. ఒకప్పుడు కట్టెలు, ఇప్పుడు చాలా చోట్ల గ్యాస్. మధ్య అరుగు మీదే వేడి ఎక్కువ, గోడల వైపు జరిగే కొద్దీ తగ్గుతుంది. అమ్మగారి విషయానికి వచ్చినప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

వేడి గదిలో మామూలుగా 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంటుంది. సోనాలో 80 దాటుతుంది కదా, ఇదేం లెక్క అనుకోవద్దు. సోనాది పొడి వేడి, చెమట పట్టగానే ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. హమామ్‌లో గాలి నిండా తేమే, చెమట ఆరదు. ఒంట్లో వేడి మెల్లగా, లోపలిదాకా ఎక్కుతుంది. మొదటి ఐదు నిమిషాలు ఏమీ అనిపించదు. పదో నిమిషానికి చెమట ధార కడుతుంది. పావుగంట దాటాక వేళ్ళ చివర్లు ముడతలు పడి, చేత్తో రాస్తే చర్మం పైపొర కదులుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడే రుద్దడానికి సిద్ధం అన్నమాట. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు 15 నుంచి 20 నిమిషాలు సరిపోతాయి. అరగంట దాటించడం వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు, నీరసం తప్ప.

ఆ పావుగంటలో ఏం చేయాలో చాలామందికి తెలియదు, దిక్కులు చూస్తూ కూర్చుంటారు. ముందు నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళండి. దాన్ని కుర్నా అంటారు. రెండు కొళాయిలుంటాయి, వేడి ఒకటి, చన్నీళ్ళది ఒకటి. తొట్టిలో నీళ్ళు కలుపుకుని, అక్కడే ఉన్న గిన్నెతో, తాస్ అంటారు దాన్ని, భుజాల మీద, తల మీద, కాళ్ళ మీద పోసుకోండి. మనకి చెంబుతో పోసుకునే అలవాటు ఉంది కాబట్టి ఇక్కడ యూరప్ వాళ్ళకంటే మనమే సులువుగా ఇమిడిపోతాం. ఒంటి నిండా నీళ్ళు పడ్డాక అరుగు మీద తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకోండి. ఐదారు నిమిషాలకోసారి లేచి మళ్ళీ నీళ్ళు పోసుకోండి. ఒళ్ళు తడిగా ఉంటేనే చర్మం నానుతుంది. ఉత్తి చెమటతో అంత బాగా నానదు.

కుర్నా విషయంలో ఒక మర్యాద ఉంది, స్థానికులు దీన్ని గట్టిగా పట్టించుకుంటారు. ఆ తొట్టికి అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉండదు. నిలవ నీటిలో మునిగి ఒళ్ళు కడుక్కోవడం శుభ్రం కాదు, పారే నీరే శుభ్రం అన్న ఇస్లామిక్ ఆచారం నుంచి వచ్చిన ఏర్పాటు. సంప్రదాయ హమామ్‌లో మునిగే కొలను లేకపోవడానికి కారణం కూడా ఇదే. కాబట్టి తొట్టిలో చేతులు ముంచి కడగకూడదు, కాలు పెట్టకూడదు, ఒంటి మీది సబ్బు నీళ్ళు అందులోకి చిందకుండా చూసుకోవాలి. తొట్టికి కాస్త పక్కకి జరిగి పోసుకుంటే చాలు. పొరపాటున సబ్బు పడితే తొట్టి మొత్తం ఖాళీ చేయక తప్పదు.

ఒంటికి సబ్బు మాత్రం ఇంకా పెట్టొద్దు. చాలామంది మంచి ఉద్దేశంతోనే ఇక్కడ తప్పటడుగు వేస్తారు. శుభ్రంగా ఉండి వెళ్దామని ముందే ఒళ్ళంతా సబ్బు రుద్దుకుంటారు, లేదా హోటల్ నుంచి బయలుదేరేటప్పుడు లోషన్ రాసుకుంటారు. మన ఆడవాళ్ళలో చాలామందికి ఒంటికి, తలకి కొబ్బరి నూనె అలవాటు. చర్మం మీద ఏ జిడ్డున్నా, సబ్బు జారుడున్నా, చేతికి తొడుక్కుని రుద్దే సంచీ పట్టు దొరక్క జారిపోతుంది. ఎంతసేపు రుద్దినా మట్టి రాదు, రుద్దే మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు, చర్మం ఎర్రబడి మండుతుంది. ముందు రోజు సాయంత్రం నుంచే నూనె, లోషన్ ఆపేయండి. సబ్బు వంతు రుద్దడం అయ్యాకే.

ఇక అసలు ఘట్టం, కెసె. అంటే చేతికి తొడుక్కునే గరుకు సంచీ. మంచివి ముడి పట్టుతో నేస్తారు. మగవాళ్ళకు రుద్దే మనిషిని తెల్లాక్ అని, ఆడవాళ్ళకు రుద్దే ఆవిడని నాతుర్ అని అంటారు. అరుగు మీద పడుకోబెట్టి అరచేతి నుంచి భుజం దాకా, మడమ నుంచి తొడ దాకా పొడుగ్గా, ఒకే వరసలో లాగుతారు. సరిగ్గా నానిన ఒంటి మీద రెండో మూడో లాగుడికే బూడిద రంగు నూలుపోగుల్లా మట్టి చుట్టలు చుట్టుకుని లేస్తుంది. రోజూ స్నానం చేసేవాళ్ళకైనా వస్తుంది, ఎందుకంటే అది చాలావరకు చచ్చిన చర్మం పైపొర. పండగ నాడు సున్నిపిండితో నలుగు పెట్టినప్పుడు రాలే మట్టి చూశారు కదా, దానికి నాలుగింతలు అనుకోండి. కొందరు తెల్లాక్‌లు ఆ చుట్టల్ని చూపించి మరీ నవ్వుతారు. అది వాళ్ళ పనితనం చూపించుకోవడం, మిమ్మల్ని వెక్కిరించడం కాదు.

ముందు, వెనక, పక్కలు కలిపి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ముఖానికి ఒప్పుకోకపోవడమే మంచిది, అక్కడి చర్మం పలచన. గరుకుగా గీసినట్టు అనిపించడం మామూలే. చురుక్కుమని మండితే మాత్రం వెంటనే "యవాష్" అనండి, మెల్లగా అని అర్థం. భాష రాదు కదా అని ఓర్చుకుని పడుకోవద్దు. మోచేతుల దగ్గర, ఛాతీ మీద చర్మం ఎర్రగీతలు పడి రెండు రోజులు మండే అవకాశం ఉంది. "యెతెర్" అంటే ఇక చాలు. కెసె కొత్తదేనా అని కౌంటర్‌లోనే అడగండి. పర్యాటకుల హమామ్‌లలో ప్యాకేజీతో పాటు కొత్త కెసె ఇచ్చి, తర్వాత మీకే వదిలేసేవి ఉన్నాయి. ఇవ్వని చోట బయట కొనుక్కుని తీసుకెళ్ళి రుద్దేవారి చేతికిస్తే సంతోషంగా వాడతారు.

కెసె అయ్యాక గిన్నెలతో గోరువెచ్చటి నీళ్ళు కుమ్మరించి మట్టి కడిగేస్తారు, ఆ తర్వాత నురగ. దిండు గలీబు లాంటి పలచటి గుడ్డ సంచీని సబ్బు నీటిలో ముంచి, గాలి నింపి, పై నుంచి కిందికి పిండుతారు. ఒక్క పిండుడికి మనిషి మెడ దాకా నురగలో మునిగిపోతాడు. మీ బాబుకి అన్నిటికంటే ఇది నచ్చుతుంది. ఆ నురగలోనే కండరాలు పిసికి, వేళ్ళు, భుజాలు లాగే పది నిమిషాల మసాజ్ ఉంటుంది. తెల్లాక్‌ల పట్టు గట్టిగా ఉంటుంది, నడుములో డిస్క్ సమస్య, మెడ నొప్పి, భుజం జారిన చరిత్ర ఏదున్నా ముందే ఆ చోటు చేత్తో చూపించి "మసాజ్ యోక్" అనేయండి. కేవలం నురగతో కడుగుతారు.

కాలు జారే ప్రమాదం ఎక్కువ ఉండేది ఈ దశలోనే. తడిసిన పాలరాయి మీద ఆలివ్ సబ్బు నురగ పరుచుకుని ఉంటుంది, మీరేమో వేడికి మెత్తబడి ఉంటారు. అరుగు మీద నుంచి ఒక్కసారిగా దిగొద్దు. ముందు లేచి కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడదీసి, ఒకటి రెండు నిమిషాలాగి, అప్పుడు చెయ్యందుకుని నిలబడండి. ఒళ్ళు వేడెక్కినప్పుడు రక్తనాళాలు వెడల్పవుతాయి, పడుకుని ఉన్నవాళ్ళు ఒక్కసారి లేస్తే రక్తం కాళ్ళలోకి దిగి కళ్ళు తిరుగుతాయి. చెయ్యిపట్టుకుని కుర్నా దాకా నడిపించడం తెల్లాక్ పనిలో భాగమే, మొహమాటపడొద్దు. చెక్క పావుకోళ్ళు ఇస్తే ఫొటోకి బాగుంటాయి గానీ, నడవడానికి రబ్బరు చెప్పులే అడగండి.

చివర తల కడిగి, చల్లటి నీళ్ళు పోసి, పొడి తువ్వాళ్ళు చుట్టి జామెకాన్‌కి పంపుతారు. ఇక్కడ తొందరపడి బట్టలేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు సగం స్నానం వదులుకున్నట్టే. ఒళ్ళు లోపలి వేడి దిగడానికి కనీసం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా చెమట కారుతూనే ఉంటుంది, ఆ చెమట మీద బట్టలేసుకుని నవంబర్ చలిగాలిలోకి వెళ్తే వణుకు పుడుతుంది. ఆ అరగంట బల్ల మీద వాలి టీ తాగండి. అయ్రాన్ దొరికితే ఇంకా మంచిది. మన మజ్జిగే అది, ఉప్పు వేసి ఇస్తారు, చెమటలో పోయిన ఉప్పూ నీరూ రెండూ తిరిగొస్తాయి. లోషన్ ఏదైనా రాయాలంటే ఇప్పుడు, చర్మం ఆరాక.

బట్టల సంగతి. మొదట్లోనే పెష్టెమాల్ అనే పలచటి గళ్ళ నూలు గుడ్డ ఇస్తారు. మగవాళ్ళు లుంగీలా నడుముకి చుట్టుకోవాలి, మగవాళ్ళ వైపు అది విప్పడం పెద్ద తప్పు. కింద లోదుస్తులో, ఈత నిక్కరో ఉంచుకోవచ్చు. తెల్లాక్ తొడలు రుద్దేటప్పుడు కూడా ఆ గుడ్డ మడిచి కప్పే ఉంచుతాడు. ఆడవాళ్ళ వైపు పద్ధతి కొంచెం వేరు. గుడ్డ చంకల కింద నుంచి చుట్టుకుని లోపలికి వెళ్తారు, రుద్దేటప్పుడు తీసేస్తారు, కింది లోదుస్తు మాత్రం ఉంటుంది. పైన ఏమీ లేకుండా ఉండటం అక్కడ మామూలు విషయం, ఎవరూ ఎవర్నీ చూడరు. ఇబ్బందిగా ఉంటే పైన కూడా లోదుస్తు ఉంచుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఒకే ముక్కగా కుట్టిన ఈత దుస్తు మాత్రం వద్దు. వీపు, పొట్ట రెండూ మూసుకుపోయి రుద్దడానికి చేతులూ కాళ్ళే మిగులుతాయి. ముదురు రంగు నూలు లోదుస్తులు, తిరిగి వేసుకోవడానికి ఒక జత పొడివి. ఈ పొడి జత తెచ్చుకోవడం మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

మీ భార్య, అమ్మగారి కోసం మరో ముఖ్యమైన సంగతి. సంప్రదాయ హమామ్‌లో ఆడవాళ్ళకి ఆడవాళ్ళే రుద్దుతారు. అంతల్యా, బోద్రుమ్ లాంటి బీచ్ ఊళ్ళ హోటళ్ళలో మాత్రం ఆడా మగా కలిసే ఉండే హమామ్‌లు, మగ సిబ్బంది మామూలు. బుక్ చేసేటప్పుడే నాతుర్ ఉంటుందా అని అడిగి, ఔనన్నాకే డబ్బు కట్టండి.

నగలన్నీ హోటల్ లాకర్‌లో పెట్టడం ఉత్తమం. లోహం వేడెక్కుతుంది, అంతకంటే ముఖ్యంగా కెసె గరుకు పోగులు గొలుసు కొక్కేల్లో చిక్కుకుంటాయి. మంగళసూత్రం, మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే నాతుర్‌కి ముందే చూపించండి, ఆ చోటు తప్పించి రుద్దుతుంది. పసుపుతాడైతే తడవడం తప్ప ఇబ్బందేమీ లేదు. జంధ్యం ఉన్నవాళ్ళు దండలా మెడలోకి వేసుకుంటే సరి. కళ్ళజోడు ఆవిరికి మసకబారుతుంది, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. ఫోన్ లోపలికి అస్సలు తీసుకెళ్ళకూడదు.

వెళ్ళే రోజు గడ్డం గానీ, కాళ్ళు గానీ గీసుకోవద్దు, వాక్సింగ్ వద్దు. కనీసం ఒక రోజు ఎడం ఉండాలి, లేకపోతే సబ్బు తగలగానే భగ్గుమంటుంది. కడుపు నిండా తిని వెళ్తే వేడిలో వికారం, ఖాళీ కడుపుతో వెళ్తే నీరసం. రెండు గంటల ముందు తేలిగ్గా తినడం సరైన లెక్క. ముందు రెండు గ్లాసుల నీళ్ళు. మద్యం వద్దే వద్దు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు వాయిదా వేసుకోవడమే అక్కడి ఆనవాయితీ. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, జ్వరం, మానని గాయం, సోరియాసిస్ లేదా గజ్జి లాంటివి ఉన్నవాళ్ళు వెళ్ళకూడదు.

అమ్మగారి విషయం. బీపీ అదుపులో ఉండి, డాక్టర్ సరేనంటేనే. మాత్రలు బీపీని తగ్గిస్తాయి, వేడి ఇంకా తగ్గిస్తుంది, రెండూ కలిస్తే లేచినప్పుడు తూలిపోతారు. మామూలు రోజుల్లోనే మంచం దిగగానే కళ్ళు తిరిగే అలవాటుంటే హమామ్ ఊసే ఎత్తొద్దు. లేదంటే, ఆమె కోసం పద్ధతి మార్చండి. గోరువెచ్చటి గదిలో పది నిమిషాలు, తర్వాత వేడి గదిలో మధ్య అరుగు ఎక్కకుండా గోడ పక్క కుర్నా దగ్గరి రాతి బల్ల మీద ఎనిమిది పది నిమిషాలు. అక్కడ వేడి తక్కువ, కాళ్ళు కింద పెట్టి కూర్చోవచ్చు, అరుగు ఎక్కి దిగే బాధ మోకాళ్ళకు తప్పుతుంది. కూర్చోబెట్టే కెసె, నురగ చేయమని నాతుర్‌తో చెప్పండి, ఇది వాళ్ళకు కొత్తేమీ కాదు, అక్కడి పెద్దవాళ్ళు ఇలాగే చేయించుకుంటారు. మీ భార్య పక్కనే ఉండాలి. చివర చన్నీళ్ళు ఒక్కసారి తల మీద పోయనివ్వకండి, కాళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

బాబుకి తొమ్మిదేళ్ళు కాబట్టి మీతో మగవాళ్ళ వైపే. వయసు పరిమితి హమామ్‌ని బట్టి మారుతుంది, బుకింగ్ అప్పుడే అడగండి. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే త్వరగా వేడెక్కుతుంది. ఐదు నుంచి ఏడు నిమిషాలు వేడి గదిలో, కాసేపు బయట, మళ్ళీ లోపలికి. కెసె వద్దు, నురగ చాలు.

ఏ హమామ్ అంటే, మీ కుటుంబానికి పనికొచ్చేవే చెప్తాను. చెంబెర్లితాష్ హమామ్ 1584లో, సుల్తాన్ మూడో మురాద్ తల్లి నూర్‌బాను కోసం ఉస్మానీ (ఒట్టోమన్) ఆస్థాన వాస్తుశిల్పి మిమార్ సినాన్ కట్టింది. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేర్వేరు భాగాలు ఒకేసారి తెరిచి ఉంటాయి, టీ1 ట్రామ్ స్టాప్ గుమ్మం ముందే. మధ్యాహ్నం నుంచి గుంపులు దిగుతాయి, అప్పుడు అరుగు మీద పావుగంట ఉండనివ్వడం వాళ్ళ వల్ల కాదు. పొద్దున పదిలోపు వెళ్ళండి. జాలోలు హమామ్ 1741లో సుల్తాన్ మొదటి మహ్మూద్ కట్టించింది, నగరంలో ఉస్మానీ పాలనలో లేచిన ఆఖరి పెద్ద హమామ్. అయాసోఫియా (హాగియా సోఫియా) మసీదులోని గ్రంథాలయానికి దీని రాబడి వెళ్ళేది. వేడి గది అందం చూడాల్సిందే, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అయాసోఫియాకి, నీలి మసీదుకి మధ్యలో ఉన్న హుర్రెమ్ సుల్తాన్ హమామ్ 1556 నాటిది, ఇదీ సినాన్‌దే. బాగు చేసి 2011లో మళ్ళీ తెరిచారు. శుభ్రంలో, సేవలో లోటుండదు, ఖరీదైన వాటిలో ఒకటి.

నన్నడిగితే మీకు తోఫానె దగ్గరున్న కిలిచ్ అలీ పాషా హమామ్. 1580ల నాటి సినాన్ కట్టడం, ఏడేళ్ళు బాగు చేసి 2012లో తెరిచారు. గుమ్మటం వెడల్పు 14 మీటర్లు, ఎత్తు 17. ఒకటే భాగం కాబట్టి వేళలు పంచారు: పొద్దున నుంచి సాయంత్రం 4 దాకా ఆడవాళ్ళకు, నాలుగున్నర తర్వాత మగవాళ్ళకు. వెళ్ళే ముందు వేళలు ఒకసారి సరిచూసుకోండి. ముందే బుక్ చేసుకోవాలి, ఒక్కో వేళకి తక్కువ మందినే తీసుకుంటారు, అందుకే వేడి దశని తొందరపెట్టరు. పొద్దున అమ్మగారు, మీ భార్య వెళ్ళినంతసేపు మీరూ బాబూ గలాతా వైపు తిరగండి, సాయంత్రం మీ వంతు. పైగా ఆడవాళ్ళు పొడుగు జడ ఆరబెట్టుకుని బయటికి రావాలంటే పగటి వేళే మంచిది. హమామ్‌లో డ్రైయర్ ఉన్నా, ఒత్తు జుట్టు ఆరడానికి అరగంట వేసుకోండి. షాంపూ, దువ్వెన మీవే తీసుకెళ్ళండి. హమామ్ అయిన రోజు బోస్ఫరస్ పడవ షికారు పెట్టుకోకండి, తడి తల మీద ఆ గాలి మంచిది కాదు.

హమామ్‌ల కోసం వెతికినప్పుడు సులేమానియె హమామ్ (1557) కూడా కనిపిస్తుంది, అది జంటలకు, కుటుంబాలకు కలిపి ఉండేది. సాధారణంగా మగవాళ్ళే సేవ చేస్తారు. అమ్మగారితో వెళ్తే నప్పదు. స్నానం చేయకుండా చూడాలంటే జైరెక్ చినిలి హమామ్‌కి వెళ్ళండి. ఉస్మానీ నౌకాదళాధిపతి బార్బరోస్ హైరెద్దీన్ పాషా కోసం సినాన్ కట్టింది, పదమూడేళ్ళ మరమ్మతు తర్వాత మ్యూజియంతో తెరిచారు, కింద బైజాంటిన్ కాలపు నీటి తొట్టి కూడా ఉంది. అమ్మగారు వేడి గదిలోకి వెళ్ళలేకపోతే ఇక్కడికి తీసుకెళ్ళండి, హమామ్ ఎలా పని చేస్తుందో కళ్ళారా చూస్తారు.

వీధుల్లోని మామూలు హమామ్‌లు చాలా చౌక. భాషతో ఇబ్బంది, శుభ్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బోర్డు మీద "ఎర్కెక్లెర్" అంటే మగవాళ్ళు, "కాదున్లార్" అంటే ఆడవాళ్ళు. మగవాళ్ళకే పరిమితమైనవీ, ఆడవాళ్ళకు వారంలో కొన్ని రోజులే ఇచ్చేవీ ఉన్నాయి. కుటుంబంతో మొదటిసారి కాబట్టి మీకు ఇవి వద్దు.

డబ్బు సంగతి. తుర్కీ లీరా విలువ త్వరత్వరగా పడిపోతుంది కాబట్టి పర్యాటకుల హమామ్‌లు ధర యూరోల్లో పెడతాయి. అన్నిటికంటే తక్కువది మీ అంతట మీరే స్నానం చేసుకునేది, తర్వాత కెసె, నురగ కలిపింది, ఆపైన నూనె మసాజ్ చేర్చినవి. మీకు మధ్యది చాలు. నూనె మసాజ్ వేరే గదిలో వేరే మనిషి చేసేది, అది ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. హోటల్ రిసెప్షన్ ద్వారా బుక్ చేస్తే వాళ్ళ కమీషన్ కూడా మీ నెత్తినే పడుతుంది, నేరుగా హమామ్ సైట్‌లోనే చేసుకోండి. రాత్రిపూట రోడ్డు మీద పిలిచి హమామ్‌కి తీసుకెళ్తామనేవాళ్ళతో అసలు కదలొద్దు. టిప్పు ప్యాకేజీ ధరలో పది నుంచి పదిహేను శాతం, మిమ్మల్ని రుద్దిన మనిషి చేతికే, బట్టలేసుకున్నాక జామెకాన్‌లో. బిల్లులో సర్వీస్ చేర్చారేమో ముందు చూడండి. యూరో, డాలర్ నాణేలు ఇవ్వకండి, వాటిని అక్కడ ఎవరూ మార్చి ఇవ్వరు. లీరా నోట్లే మేలు. టిప్పుతో పాటు "ఎలినిజె సాలుక్" అనండి, పని చేసిన చేతులకు ఆరోగ్యం కలగాలని. వాళ్ళు మీతో "సిహ్హత్లెర్ ఓల్సున్" అంటారు, స్నానం చేసి వచ్చినవాళ్ళకి చెప్పే శుభాకాంక్ష.

వచ్చేటప్పుడు ఒకటి రెండు కెసెలు కొనుక్కోండి. ముడి పట్టుది పొడిగా ఉన్నప్పుడు బాగా గరుకుగా, తడిపితే కాస్త మెత్తగా ఉంటుంది. నైలాన్‌ది తడిపినా అలాగే గీరుతుంది, కొనొద్దు. ఇంట్లో వాడేటప్పుడు బకెట్ వేడినీళ్ళు మెల్లగా పోసుకుంటూ పది నిమిషాలు ఒళ్ళు నానబెట్టి, సబ్బు లేకుండా రుద్దండి. వారం పది రోజులకోసారి మించి వద్దు. వాడాక సబ్బుతో ఉతికి నీడన ఆరేయండి, ఇంట్లో ఎవరిది వాళ్ళదే ఉండాలి. తడిగా బాత్రూమ్‌లో వేలాడదీస్తే వాసన పడుతుంది, అలా పడ్డదాన్ని పారేసి కొత్తది తీయండి.